పలకని మిడతలు

మార్చి 3, సోమవారం

జబ్బు చేసిన మిడతల్ని ఇచ్చానట.

మధ్యాహ్నం మా పరిశోధనశాల పెద్దసారు స్వయంగా మిడతల గదికి వచ్చారు. ఆ గదిలో ఆయన అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పంజరాల మధ్య ఓ చుట్టు తిరిగి, "ఈమధ్య ఇవి కాస్త నీరసంగా ఉంటున్నాయి కదమ్మా" అన్నారు. అడిగినట్టు లేదు, నేను మర్చిపోయింది గుర్తు చేస్తున్నట్టు ఉంది. లేదు సార్ అన్నాను. నా మాట పెదాలు దాటితే గొప్ప, దానికి తోడు పైన పంకా రొద. ఆయనకి వినపడలేదు. అదే, అదే అనుకుంటూ వెళ్ళిపోయారు.

నీరసమా? పంజరం తలుపు తీస్తే చాలు, చెయ్యి గీరుకుపోయేలా తన్నే వాటికి నీరసమా?

నాకు కోపం రాలేదు. అంత చదువుకున్నాయన, ఏదో పొరపాటు పడి ఉంటారు.

మార్చి 4, మంగళవారం

పొరపాటు కాదు.

రాత్రి భోజనాల దగ్గర మేనకోడలు చెప్పింది. మా ఆయన చెల్లెలి కూతురు. పరిశోధన చదువు కోసం వచ్చి మా దగ్గరే ఉంటోంది. అది పనిచేసే గదికీ నేను మిడతల్ని పెంచే గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అక్కడ అందరూ నన్ను మిడతలమ్మా అంటారు, అదీ అలాగే అంటుంది. ఇంటి గుమ్మం ఎక్కాక అత్తయ్యా అంటుంది. ఇది మేమిద్దరం మొదట్లోనే అనుకున్న పద్ధతి, చుట్టరికం పనిలోకి రాకూడదని.

దాని చదువు నాకు అర్థమైనంతలో ఇదీ. మిడతని మైనంలో కదలకుండా కూర్చోబెట్టి, దాని మెదడుకి వెంట్రుక కన్నా సన్నటి తీగ తగిలిస్తారు. గొట్టంలోంచి ఒక వాసన ఊదుతారు. మెదడు పలికిందంటే స్పీకర్లో చిటపటమని శబ్దం వస్తుంది, వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు. గోడ ఇవతల ఉన్న నాకూ వినిపిస్తుంది. ఒకే వాసనకి అన్ని మిడతల మెదళ్ళూ ఒకేలా పలుకుతాయా, ఒక్కోటీ ఒక్కోలాగానా, అదీ ప్రశ్న. ఒకేలా పలుకుతాయని పెద్దసారు ఏనాడో రాసేశారు. ఇది నిజమని చూపించడం మేనకోడలి పని.

నిమ్మకి అన్నీ పలికాయి. పచ్చగడ్డికి అన్నీ పలికాయి. పుదీనా దగ్గర వచ్చింది గొడవ. చాలావాటికి చిటపటలు వచ్చాయి. కొన్ని మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయాయి.

ఆ పలకనివన్నీ జబ్బువని రాస్తారట. జబ్బువైతే లెక్కలోంచి తీసెయ్యొచ్చు. అవి పోతే మిగిలినవన్నీ ఒకేలా పలికినట్టే కదా.

"నీ పేరేం రాయరత్తయ్యా. పెంపకంలో లోపం అని ఒక్క ముక్క, అంతే" అంది.

పెంచింది ఎవరు మరి? పక్కింటావిడా?

లేచి గిన్నెలు తోముకున్నాను. మా ఆయన ముందుగదిలో కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తి, నీకు కోపం రాలేదంటే నమ్ముతాను గానీ ఆ గిన్నెకి చిల్లు పెట్టకు అన్నారు. రాలేదనే చెప్పాను.

మార్చి 6, గురువారం

ప్రార్థనలో కూర్చున్నా అదే మాట. లోపం, లోపం.

ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి వాసన సబ్బు ముట్టలేదు. తల్లో పువ్వు లేదు, ముఖానికి పౌడరు లేదు. బట్టలకి పడుతుందని దేవుడి దగ్గర అగరొత్తి కూడా మానేశాను. ఒట్టి దీపం పెట్టి, తండ్రీ, నీకు అర్థమవుతుందిలే అని చెప్పుకున్నాను. దేవుడికి తగ్గించాను గానీ ఆ పురుగుల దగ్గర తేడా రానివ్వలేదు.

నాకు ముందు ఆ గదిలో పనిచేసిన ముసలాయన ఒక పద్ధతి నేర్పి వెళ్ళాడు. మిడతని ఇచ్చేముందు అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒంట్లో బాగున్నదైతే కాళ్ళు తాటించి ఠక్కున బోర్లా తిరుగుతుంది. బద్ధకించిందంటే మళ్ళీ పంజరంలోకే. ఎవరు తొందరపెట్టినా అలాంటిదాన్ని ఇవ్వను. తిరిగినదాన్ని ఒక్క క్షణం గుప్పిట్లో ఉంచుకుని దేవుడికి అప్పజెబుతాను. ఆ గదిలోకి వెళ్ళినవి వెనక్కి రావు కదా. వాటిని చివరిసారిగా నేనైనా దయగా చూడాలి.

అలా పంపిన వాటిని పట్టుకుని జబ్బువంటారు.

మార్చి 7, శుక్రవారం

మేనకోడలు తినకుండా పడుకుంది. అడగలేదు. కంచం మూతపెట్టి ఉంచాను. దాని మీద కోపంతో కాదు, నిద్ర చెడగొట్టడం ఎందుకని.

మార్చి 9, ఆదివారం

పొద్దున్నే మా ఆడపడుచు ఫోను. కూతురు ఏం చెప్పుకుందో ఏమో, పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది. "వదినా, నా పిల్ల చదువు నీ మిడతల చేతిలో పెట్టానని నాకు తెలీదు సుమా." నేను చెప్పబోయేలోపే, పురుగులకి జ్వరమొచ్చిందని అంటే నీ సొమ్మేం పోతుంది, అవేమన్నా వచ్చి సాక్ష్యం చెబుతాయా అంది. చెప్పడానికి అవి లేవు కనకే నేను చెప్పాల్సి వస్తోంది అందామనుకున్నాను. పెట్టేసింది. ఎప్పుడూ అంతే, నాకు మాట అందేసరికి అవతలివాళ్ళు ఫోను పెట్టేస్తారు.

మా ఆయన బజారు నుంచి పుదీనా కట్ట తెచ్చారు. కావాలనే తెచ్చారు, నాకు తెలుసు. నలిపి ముందు మేనకోడలి ముక్కు దగ్గర పెట్టారు. పళ్ళపొడి గుర్తొస్తోందంది. ఆయన వాసన చూసుకుని దగ్గుమందు అన్నారు. నాకు పెట్టారు. మా అమ్మ చెయ్యి అన్నాను. తలనొప్పి వస్తే అమ్మ నుదుటికి రాసేది.

"ముగ్గురం ఒకే వంట తింటున్నాం, ఒకే కప్పు కింద పడుకుంటున్నాం. ఇప్పుడు మనలో జబ్బు ఎవరికంటావ్?" అని మేనకోడల్ని అడిగారు.

దానికి ఒళ్ళు మండింది. "అది గుర్తు రావడం మామయ్యా. నేను చూసేది అంతకు ముందు మెదడులో జరిగేది. రెండూ ఒకటి కావు."

"ఏమోనమ్మా. నాకు రెండూ ఒకే చోట నొప్పెడతాయి" అని ఆయన మిషన్ దగ్గరికి వెళ్ళిపోయారు.

నాకు నవ్వొచ్చింది. దానికీ వచ్చింది గానీ నవ్వకుండా ఆపుకుంది.

మార్చి 12, బుధవారం

ఇవాళ అసలు సంగతి బయటపడింది.

దాని పని చూడటానికి బయటి నుంచి ఒక పెద్దావిడ వస్తున్నారట. ఆవిడ ఒప్పుకుంటే ఈ ఏడాదితో చదువు పూర్తి. ఒప్పుకోకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆవిడకి ఒక అలవాటు, రాసింది చదివి ఊరుకోరు, పురుగుల్ని పెంచినవాళ్ళని కూడా పిలిచి మాట్లాడతారు.

అంటే నన్ను పిలుస్తారు.

వంటింట్లో నా వెనకాలే నిలబడి చెప్పింది. నేను తిరగలేదు. తిరిగితే దాని ముఖం చూడాలి, చిన్నప్పుడు జ్వరమొస్తే నా ఒళ్ళో పడుకున్న ముఖం.

"పుదీనా పెట్టిన వారం అవి కాస్త డల్‌గా ఉన్నాయని ఒక్క మాట అను అత్తయ్యా. ఇంకేం అక్కర్లేదు."

"అవి డల్‌గా లేవు."

"ఉన్నాయేమో, నువ్వు గమనించలేదేమో."

"నేనా?"

తర్వాత మెల్లిగా, సారుకి కోపమొస్తే మిడతల్ని బయటి కంపెనీ నుంచి తెప్పిస్తారట, అలా అంటున్నారు, అప్పుడు నీ గది ఉండదు అంది.

భయపెట్టడానికి అనలేదు, తను భయపడి అంది. ఆ తేడా నాకు తెలుసు. తెలిసినా మనసు మంటెత్తిపోయింది. నా చేత అబద్ధం చెప్పించడానికి నా పిల్లనే పంపించాడా ఆ మనిషి? తను రాసుకున్న మాట నిలబడటానికి ఇన్ని ప్రాణాల మీద నింద వేస్తాడా? అవి తల తెరిపించుకుని, తీగ పెట్టించుకుని, అడిగినదానికి తమకి తోచిన జవాబిచ్చాయి. జవాబు నచ్చలేదని, చచ్చాక వాటికి జబ్బు అంటగడతారా?

ఇలాంటి మాటలు నేను రాయకూడదు. రేపు ప్రార్థనలో క్షమాపణ అడుగుతాను.

మార్చి 13, గురువారం

అడగలేదు.

మార్చి 15, శనివారం

పంజరాలు కడిగాను. ఇసుక మార్చాను, గుడ్లు పెట్టేవాటికి మెత్తటి ఇసుక. పనిలో ఉంటే నయం.

మా ఆయన ఒకరి కోటు చంకలో కుట్టు విప్పుతూ అడిగారు, నువ్వు పట్టుబట్టింది నిజం కోసమా, నీ పేరు కోసమా అని. మామూలుగా అడిగారు, కాజాలు కుట్టమంటారా అని అడిగినట్టు.

నిజం కోసమే అన్నాను.

ఆయన దారపు ముక్కలు ఏరుకుంటూ కూర్చున్నారు.

నిజం కోసమే. పేరు కోసమైతే మాత్రం తప్పేముంది? ఆ గదికి ఇంకో పేరుందా నేను తప్ప?

కానీ పిల్ల చదువు ఆగిపోతే? ఇది ఎవరూ అడగలేదు. నాకు నేనే అడుగుతున్నాను. జవాబు రాలేదు. తీగ పెడితే నా మెదడు కూడా ఏమీ పలకదేమో.

మార్చి 18, మంగళవారం

పిలిచారు.

పెద్ద గది, పొడుగు బల్ల. బల్లకి ఒక పక్క పెద్దసారు, మేనకోడలు. ఎదురుగా బయటి నుంచి వచ్చిన పెద్దావిడ, తెల్లజుట్టు, చెవిలో వినికిడి మిషన్. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. కూర్చోమన్నారు. మిడతలకి ఏం పెడతారు, గది వేడి ఎంత ఉంచుతారు అని అడిగారు. చెప్పాను. పక్కనున్న సారు ప్రతిదీ గట్టిగా తిరిగి చెబుతూ వచ్చారు. నా గొంతు సంగతి ఆయనకి తెలుసు, ఆవిడ చెవి సంగతీ తెలుసు. నాకు సాయం చేస్తున్నారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

అప్పుడు ఆవిడ అసలు మాట అడిగారు, పుదీనాకి పలకని మిడతలు ఒంట్లో ఎలా ఉండేవని.

బాగానే ఉండేవండీ అన్నాను.

ఆవిడ చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. సారు నవ్వుతూ, "కాస్త నీరసంగా ఉండేవంటున్నారు" అన్నారు.

నా మాటని, నా ఎదురుగానే, నా నోటి దగ్గర నుంచి తీసుకుని మార్చి ఆవిడకి అందించారు. అంత సులువుగా. ఉప్పు అడిగితే చక్కెర అందించినట్టు.

మేనకోడలి వైపు చూశాను. తల వంచుకుని కలం మూత తీస్తోంది, పెడుతోంది. దాన్ని చూశాక ఇంక నోరు మూసుకుని కూర్చుంటే బాగుండుననిపించింది. సగం మూసుకున్నాను కూడా. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకోబోయారు.

లేచి బల్ల చుట్టూ తిరిగి ఆవిడ పక్కకి వెళ్ళాను. వంగి చెవిలో చెప్పొచ్చు. చెవిలో చెబితే ఆవిడ ఒక్కరికే వినపడుతుంది. అందుకని వంగలేదు.

"ఆ మిడతలకి ఏ జబ్బూ లేదు. ఒక్కోదాన్నీ నా అరచేతిలో వేసి చూసి ఇచ్చాను. పలకకపోతే పలకలేదని రాయండి. జబ్బని మాత్రం రాయకండి."

అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. వరండాలో నడుస్తున్నవాళ్ళు ఆగి చూశారు.

ఆవిడ కలం కింద పెట్టారు. తర్వాత మేనకోడలి వైపు తిరిగి, పలకనిదానికి అదే వాసన మళ్ళీ ఎప్పుడైనా ఇచ్చి చూశావా అని అడిగారు. అది లేదండీ, తీసేశాం అంది. సాయంత్రం ఇస్తే పలికేదేమో, మర్నాడు కూడా పలికేది కాదేమో, ఏ సంగతీ తెలుసుకోకుండా దానికి జబ్బని ఎలా రాశావు అన్నారు. చాలా నెమ్మదిగా అన్నారు. ఆ నెమ్మదికే పిల్ల ముఖం పాలిపోయింది.

మళ్ళీ చేసుకురమ్మన్నారు.

ఇంటికి వేరే బస్సులో వచ్చింది.

మార్చి 19, బుధవారం

రాత్రి కంచాల దగ్గర నా వైపు చూడకుండా, "మిడతలమ్మగారూ, ఉప్పు ఇటివ్వండి" అంది.

ఇంట్లో.

మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయారు. నేను ఉప్పు ఇచ్చాను.

మార్చి 24, సోమవారం

ఇవాళా అలాగే పిలిచింది. నాకేం బాధ లేదు. అది నా పనికి వచ్చిన పేరే కదా.

మా ఆడపడుచు ఫోను చేస్తే ఆయనే మాట్లాడారు. చాలాసేపు ఊ కొట్టి చివర, నీ కూతురు పోగొట్టుకుంది కొన్ని నెలలు, మా ఆవిడ మొన్న ఆ మాట అనకపోయుంటే ఏం పోగొట్టుకునేదో నీకు చెప్పినా అర్థం కాదు, పెట్టెయ్ అన్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన నా తరఫున మాట్లాడింది ఇదే మొదలు అనను గానీ, నాకు వినపడేలా మాట్లాడింది ఇదే.

పెద్దసారు నాతో మాట్లాడటం మానేశారు. మిడతలు కావాలంటే ఇంకొకరితో కబురు పెడుతున్నారు. బయటి కంపెనీ సంగతి ఏమైందో నేను అడగను. వచ్చిన వాళ్ళకి వెల్లకిలా వేసి చూసే ఇస్తున్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

గోడ అవతల నుంచి ఈ వారమంతా వింటున్నాను. పొద్దున ఊదుతుంది. సాయంత్రం అదే మిడతకి మళ్ళీ. చిటపటలు వస్తే పలికిందనుకుంటాను. రాకపోతే చేతిలో పని ఆపి ఇంకొంచెం వింటాను. నాకేం సంబంధం, అయినా వింటాను.

ఇవాళ పొద్దున ఒకటి పలకలేదు. సాయంత్రం గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడూ పలకలేదు.

శభాష్ అన్నాను. ఒక పురుగుని.

ఏప్రిల్ 11, శుక్రవారం

మధ్యాహ్నం మేనకోడలు నా గదికి వచ్చింది. ఇన్నాళ్ళూ గుమ్మం బయట నుంచే కావాల్సినవి చెప్పి పోయేది. ఇవాళ లోపలికి వచ్చి తలుపు వేసింది.

"ఎలా వేసి చూస్తావు?" అని అడిగింది.

చూపించాను. తనూ చెయ్యి చాపింది. పెద్ద ఆడమిడతని దాని అరచేతిలో వెల్లకిలా వేశాను. కాళ్ళు తాటించి తిరిగి, దాని మణికట్టు మీదికి పాకింది. గీరుకుంటే అబ్బా అంది గానీ చెయ్యి తియ్యలేదు. ఇది నీరసంగా ఉందా అని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. దేవుడి దయవల్ల అడగలేదు.

అప్పుడు చెప్పింది. నిమ్మకీ గడ్డికీ అన్నీ ఒకేలా, ఎన్నిసార్లు పెట్టినా. పుదీనాకి మాత్రం వేరు. పొద్దున పలికింది సాయంత్రమూ పలుకుతోంది, పలకనిది మర్నాటికీ పలకడం లేదు. ఒకదానితో ఒకటి కలవకపోయినా ఏదీ తన తీరు మార్చుకోవడం లేదు. ఎందుకో తనకీ తెలియదట. సారుకి చూపిస్తే చాలాసేపు చూసి కాగితాలు వెనక్కి ఇచ్చేశారట. ఒక్కటి మాత్రం పొద్దున ఊరుకుని సాయంత్రం పలికిందట, దాన్ని ఏం చెయ్యాలో అర్థం కావడం లేదంది.

"దానికి జబ్బంటే నేను ఒప్పుకోను" అన్నాను.

నవ్వింది. ఈసారి ఆపుకోలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నీ గొంతు వింటే నాకు భయమేసింది అత్తయ్యా" అంది.

అక్కడ, ఆ గదిలో, పంజరాల మధ్య అంది. పద్ధతి తప్పింది. నేను దిద్దలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

పనంతా తిరగరాసి పెద్దావిడకి పంపే ముందు, మేనకోడలు ఒక్క ముక్క వినమంది. నేను చాప మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. ఆయన మిషన్ దగ్గర ఉన్నారు.

చదివింది. "పుదీనా వాసనకు స్పందించని మిడతలను కూడా లెక్కలో ఉంచాము. అవి పూర్తి ఆరోగ్యంతో ఉన్నాయి. ప్రతి మిడతనూ పెంపకందారు స్వయంగా పరీక్షించి ఇచ్చారు."

నేను మడత ఆపలేదు. "వినపడలేదు, మళ్ళీ చదువు" అన్నాను.

మళ్ళీ చదివింది, ఇంకొంచెం గట్టిగా. మిషన్ చప్పుడుకి వినపడలేదేమో అనుకుని ఉంటుంది. ఆయన మిషన్ ఆపి అప్పటికే చాలాసేపయింది.

నాకు మొదటిసారే వినపడింది. దేవుడు ఈ ఒక్క అబద్ధాన్నీ చూసీ చూడనట్టు వదిలేస్తాడు.